మద్దతు ధరయు మెట్టచేనును

జహీరాబాదు సీమలోని ఝరాసంగమునకు వచ్చు యాత్రికులలో పెక్కుమంది అమృతగుండమున స్నానమాడి, కేతకీ సంగమేశ్వరుని సేవించి, వచ్చిన త్రోవనే మరలిపోవుదురు. గుడి వీథి దాటి ఊరి వెలుపలి చేల గట్లమీద కొంత దూరము నడచినవారికి మాత్రము వేఱొక దర్శనము లభించును. ఒకవంక నల్లరేగడి, ఒకవంక ఎఱ్ఱని చెలక. ఒక చేనిలో మనిషి నిలువును మించిన చెఱకు, దాని ప్రక్కను ప్రత్తి, ఆ ప్రక్కను జొన్నయు కందియు సాలు విడిచి సాలుగా కలిసి పెరిగిన మెట్టపంట. ఈ మూడు చేలకును ప్రభుత్వము ప్రకటించిన ధర కలదు. అయినను ఆ ధర చెఱకునకు చట్టముగాను, ప్రత్తికి కొనుగోలు కేంద్రముగాను, జొన్నకు పెక్కేండ్లు వట్టి అంకెగాను దక్కుచున్నది. ఒకే ఊరి పొలిమేరలో, ఒకే ఎండకు ఎండి, ఒకే వానకు తడిసిన చేల నడుమ ఇంతటి భేద మెట్లు కలిగినదో, పంటల ధరలకు ప్రభుత్వ మిచ్చు ఆదరువులో ఏది నిలిచినదో, ఏది సడలినదో పరామర్శించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన దేశమున ప్రభుత్వము పంటకు ధర కట్టు పద్ధతి ఆకలి దినములలో పుట్టినది. పట్టణములకు ధాన్యము చాలక, పి.ఎల్. 480 ఒడంబడిక క్రింద అమెరికానుండి రావలసిన గోధుమ ఓడలకై దేశము ఎదురుచూచుచుండిన కాలమున, ఎల్.కె. ఝా అధ్యక్షతన 1964లో ఏర్పడిన సంఘము సిఫారసు మేరకు, 1965 జనవరిలో వ్యవసాయ ధరల కమిషను వెలసినది. ఆర్థికశాస్త్రవేత్త యగు ఎం.ఎల్. దంత్‌వాలా దానికి తొలి అధ్యక్షుడు. ఆ నెలలోనే భారత ఆహార సంస్థయు స్థాపితమయ్యెను. ఒకటి ధర చెప్పవలెను, రెండవది ఆ ధరకు కొనవలెను. ఈ రెండు కార్యములును కవలలై జన్మించినవి. 1985లో మొదటి సంస్థ వ్యవసాయ వ్యయ ధరల కమిషనుగా పేరు మార్చుకొనెను. కాలక్రమమున దాని జాబితా పెరిగి నేటికి 22 పంటలకు కనీస మద్దతు ధరయు, చెఱకునకు వేఱుగా న్యాయమైన గిట్టుబాటు ధరయు ప్రకటింపబడుచున్నవి. ధర చెప్పు చేయి ఇన్ని పంటలకు చాచుకొనినను, కొను చేయి మాత్రము ముఖ్యముగా వరిని, గోధుమను పట్టుకొని నిలిచిపోయెను. అటుపిమ్మటి చరిత్ర అంతయు ఈ కవలలు విడిపోయిన చరిత్రయే.

ధరను గూర్చిన మొదటి వివాదము ఖర్చు లెక్కయందే కలదు. విత్తనము, ఎరువు, కూలి మొదలైన వానికి రైతు చేతినుండి పోయిన వ్యయమును ఎ2 అందురు. దానికి ఇంటివారి కష్టమునకు విలువ కట్టి చేర్చినచో ఎ2 ప్లస్ ఎఫ్.ఎల్. అగును; సొంత భూమికి కౌలును, సొంత పెట్టుబడికి వడ్డీని కూడ కలిపినచో సి2 అగును. ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 2004 నుండి 2006 వరకు పనిచేసిన జాతీయ రైతుల కమిషను, సగటు ఉత్పత్తి వ్యయముమీద కనీసము సగము అధికముగా ధర ఉండవలెనని సిఫారసు చేసినది. 2018–19 బడ్జెట్టునుండి ఒకటిన్నర రెట్ల సూత్రమును కేంద్ర ప్రభుత్వము అంగీకరించినది గాని, దానిని సి2 మీద గాక ఎ2 ప్లస్ ఎఫ్.ఎల్. మీద లెక్కించుచున్నది. రైతు సంఘముల అసంతృప్తికి ఇదియే మూలము. మెట్టరైతుకు దీనికి తోడు వేఱొక కష్టము కలదు. ఈ లెక్క పలు రాష్ట్రముల సగటు. నీటి పారుదల గల రేగడిలో పండిన జొన్నకును, రెండు వానలు తప్పినచో కంకి గట్టిపడని ఎఱ్ఱ చెలకలోని జొన్నకును కలిపి తీసిన సగటు ఈ రెండవ చేనివానికి సరిపడుట అరుదు.

అయినను, వరితో పోల్చినచో ప్రకటించిన ధర మెట్టపంటలకు తక్కువయని మాత్రము ఎవ్వరును అనజాలరు. 2014–15 ఖరీఫులో క్వింటాలు వరికి 1,360 రూపాయలు, సంకర జొన్నకు 1,530, కందికి 4,350 మద్దతు ధరలుగా నుండెను. 2025–26 ఖరీఫునకు సాధారణ రకపు వరికి 2,369, సంకర జొన్నకు 3,699, కందికి 8,000 రూపాయలు ప్రకటింపబడినవి. జొన్న ధర పదునొకండు సంవత్సరములలో దాదాపు రెండున్నర రెట్లు కాగా వరి ధర ఒకటిముప్పాతిక రెట్లు మాత్రమే పెరిగినది. అప్పుడు వరికంటె జొన్నకు 170 రూపాయలు అధికముగా నుండగా ఇప్పుడు 1,330 రూపాయలు అధికము. పంటలను నడపునది ప్రకటించిన ధరయే యైనచో, ఈ పదునొకండు సంవత్సరములలో తెలంగాణము జొన్నచేలతో నిండి యుండవలసినది. జరిగినది దానికి విపరీతము. బోరు పడినచోట వరియు, పడనిచోట ప్రత్తియు విస్తరించినవి. 2020–21 లో ఒక్క సంవత్సరముననే రాష్ట్రమున ప్రభుత్వము కొనిన వడ్లు కోటి టన్నులను మించినవి. అంకె పెరిగినంత మాత్రమున పంట తిరుగదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మేల?

మఱి పంటను తిప్పునది ఏది? "గవర్నమెంటు ధర మంచిగనే ఉన్నది, గని కాంటా ఏది?" అను ప్రశ్న ఇచ్చటి ఏ చేనిగట్టున నిలుచున్నను వినబడును. ఆ ప్రశ్నలోనే సమాధానము కలదు. వడ్లకు ఊరి దగ్గఱనే కొనుగోలు కేంద్రము తెఱచుదురు. మహిళా సంఘమో, సహకార సంఘమో కాంటా పెట్టును. గోనె సంచులు వచ్చును, హమాలీలు వత్తురు, లారీ వచ్చును. తేమ పదునేడు శాతము దాటరాదందురు, తాలు ఎక్కువయని "తరుగు" తీయుదురు, సంచులు చాలక కుప్పమీద కవరు కప్పి రైతు రాత్రులు కావలి పండుకొనును. ఇన్ని యిక్కట్లున్నను, కొనువాడొకడు వచ్చి తీరునను నిశ్చయము వానికి గలదు. జొన్నకు ఆ నిశ్చయము లేదు. ప్రభుత్వ నిర్ణయమును బట్టి ఒక యేడు కాంటా పెట్టుదురు, ఒక యేడు పెట్టరు. పెట్టిన యేడును అది వచ్చు వేళకు, అప్పు తీర్చవలసిన చిన్నరైతు తన గింజను దళారికి తూచి యుండును. కేంద్ర ప్రభుత్వము నియమించిన శాంతకుమార్ సంఘము, మద్దతు ధరవలన నేరుగా మేలు పొందుచున్నవారు దేశపు రైతులలో ఆరు శాతమేయని 2015లో తేల్చినది. ఆ అంకె జాతీయ నమూనా సర్వేనుండి తీసినది; దాని భావము మాత్రము ఝరాసంగపు చేనిలో కన్నులకు కట్టును.

ఆ చేనిని ఒకింత దగ్గఱగా చూతము. ఇచ్చటి పేద దళిత స్త్రీ ఒకతె తన ఎకరము చెలకలో ఒకే విత్తనము చల్లదు. జొన్న సాళ్ల నడుమ కంది, దాని నీడన పెసర, మినుము, అలసంద, గట్టువెంట నువ్వు, అనువైనచోట కొఱ్ఱ, తైద. వానలు వెనుదిరిగిన పిమ్మట రేగడిలో మంచుతోనే ఎదుగు శనగ, కుసుమ, అవిసె. ఈ కడపటి వానిని ఇచ్చటి స్త్రీలు "సత్యం పంటలు" అందురు. నీరు పెట్టకున్నను, ఎరువు వేయకున్నను, భూమి సత్యముమీద పండునవని వారి నమ్మకము. ఒక వాన తప్పినచో ఒక పైరు పోవును, వేఱొకటి నిలుచును. అన్నియు కలిసి ఇల్లు గడపును, ఆకుకూర నిచ్చును, ఎడ్లకు చొప్ప నిచ్చును. కాని ఈ చేనికి పంట యింటికి వచ్చు తీరు కొనుగోలు కేంద్రపు తీరునకు సరిపడదు. ఉదాహరణకు మూడు క్వింటాళ్ల జొన్న, అరవై కిలోల కంది, ఇరువది కిలోల మినుము, నాలుగు మానికల నువ్వులు ఒక ఎకరమున దక్కినవనుకొందము. ఒక్కొక్క గింజ ఒక్కొక్క నెలలో కోతకు వచ్చును. ఏ ఒక్కదానికిని బండి కట్టుకొని మార్కెటు యార్డునకు పోవుట గిట్టుబాటు కాదు. కందికి పండ్రెండు శాతము తేమ నిబంధన తెలిసి ఎండబెట్టినను, అరవై కిలోలకై ఎవ్వరును కాంటా తీసికొని రారు. ఒకే పంట, ఒకే కోత, లారీ నిండు సరకు అను ఊహపై కట్టిన ఏర్పాటిది. పది పంటల చేనికి దానిలో ద్వారము లేదు.

ప్రత్తి స్థితి కొంత మేలు, కొంత కీడు. భారత ప్రత్తి సంస్థ కొనును. తేమ ఎనిమిది శాతమున్నచో పూర్తి ధర, పండ్రెండు దాటినచో కొనుగోలే లేదు. 2025–26 కాలమున కపాస్ కిసాన్ అను యాప్‌లో పేరు నమోదు చేసికొని, తేదీ ఎంచుకొని పోవలెనను నియమము వచ్చినది. స్మార్ట్‌ఫోను లేని ఇంటికి, పట్టా తనపేర లేని కౌలుదారునకు ఈ నియమము ఒక గడప పెంచినది. కందికి మాత్రము ఒక మంచిమాట వినబడినది: రైతులు తెచ్చినంత కందిని, మినుమును, మసూరును నాలుగేండ్లపాటు కేంద్ర సంస్థలు కొనునని 2025–26 బడ్జెట్టులో వాగ్దానము చేయబడెను. అది నెరవేరినచో మెట్టచేనికి నిజమైన ఊరట.

చెఱకు కథ వేఱు. దానికి ధర చట్టబద్ధము. 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము, చెఱకు ముట్టిన పదునాలుగు దినములలోపల కర్మాగారము సొమ్ము చెల్లింపవలెను, చెల్లింపనిచో ఏడాదికి పదునైదు శాతము వడ్డీ నీయవలెను. 2025–26 కాలమునకు 10.25 శాతము చక్కెర దిగుబడికి క్వింటాలునకు 355 రూపాయలు నిర్ణయింపబడినవి. ఇంతటి చట్టముండియు జహీరాబాదు ప్రాంతపు చెఱకు రైతులు బకాయిలకై రోడ్డెక్కవలసి వచ్చినది. దగ్గఱి కర్మాగారము మూతపడిన కాలములలో సంగారెడ్డి వైపునకో, కామారెడ్డి వైపునకో, ఎల్ల దాటి కర్ణాటకమునకో సరకు తరలింపవలసి వచ్చినది. చెఱకు నఱికిన గడియనుండి బరువు తగ్గుచునే యుండును. ఆ దూరపు కిరాయియు, ఆ తగ్గిన బరువును రైతు నెత్తినే పడును. చట్టము ధరకు బలము నిచ్చును గాని, కొనువాడు దగ్గఱ లేనిచో చట్టమునకు బలము చాలదని ఈ యనుభవము బోధించుచున్నది.

ధర మార్గము విడిచి భూమి మార్గమున సాయమందించు పద్ధతి తెలంగాణమున 2018 మే 10న రైతుబంధుగా మొదలయ్యెను. ఎకరమునకు ఒక పంటకాలమునకు 4,000 రూపాయలతో ఆరంభమై, 2019 నుండి 5,000 అయి, 2025 జనవరి 26న రైతుభరోసాగా మారి 6,000 చేరెను. దీని గుణము గొప్పది: ఏ పంట వేసితివని అడుగదు, విత్తు వేళకు చేతికి అందవలెనని దీని ఉద్దేశము, జొన్నచేనికిని వరిమడికిని సమానము. వడ్డీ వ్యాపారి యింటికి పోవు పేదరైతును కొన్ని దినములైనను ఆపిన ఖ్యాతి దీనికి కలదు. దోషమును గొప్పదే: సొమ్ము పట్టాదారునకు పోవును, దున్నువానికి పోదు. భూమి పట్టణమందున్న వానిది, కష్టము ఊరిలోనున్న కౌలు రైతుది యైనచో, సాయము పట్టణమునకే చేరును. కౌలుదారులకు రుణార్హత పత్రముల నీయవలెనని ఉమ్మడి రాష్ట్రమున 2011లోనే చట్టము చేయబడినది. ఆ చట్టపు స్ఫూర్తి ఈ పథకములకు నేటికిని అందలేదు. భూమిలేని కూలి కుటుంబములకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, భూమి తమ పేర లేనివారికి సాయమందని కొఱతను గుర్తించిన ఒక అడుగు.

మద్దతు ధరకును విపణి ధరకును గల తేడాను రొక్కముగా ముట్టజెప్పు పద్ధతి ఇంకొకటి. అమెరికా 1933లో విస్తీర్ణము తగ్గించినవారికి సొమ్మిచ్చి మొదలుపెట్టి, 1973 నాటికి లక్ష్యధరకును అంగడి ధరకును గల వ్యత్యాసమును చెల్లించు పద్ధతికి వచ్చెను. ఐరోపా దేశములు 1962 నుండి ఉమ్మడి వ్యవసాయ విధానము క్రింద హెచ్చు ధరకు కొని, వెన్న గుట్టలుగా పేరుకొనిపోగా, 1992 తరువాత క్రమముగా పంటతో ముడిపెట్టని భూమి సాయమునకు మఱలినవి. మధ్యప్రదేశము 2017లో భావాంతర్ పథకముతో వ్యత్యాస చెల్లింపును ప్రయత్నించెను. తేడా ప్రభుత్వము భరించునని తెలిసి వ్యాపారులు ధర అణచిరను విమర్శ వెంటనే లేచినది. ఇట్టి సాయమునకు బయటి హద్దును ఒకటి కలదు: ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక ప్రకారము, అభివృద్ధి చెందుచున్న దేశము పంట విలువలో పదిశాతమునకు మించి ధర మద్దతు ఈయరాదు. 2018–19లో వరి విషయమున ఆ హద్దు దాటిన భారతదేశము, 2013 నాటి బాలీ సమావేశములో కుదిరిన రక్షణ నిబంధనను ఆశ్రయింపవలసి వచ్చెను. ఆ హద్దును దాటించిన వరికొనుగోలే, కేంద్రము ఉప్పుడు బియ్యము తీసికొననన్నప్పుడు, 2022 ఏప్రిల్ 11న తెలంగాణ ముఖ్యమంత్రిని ఢిల్లీలో ధర్నాకు కూర్చుండబెట్టినది. ఒకే పంటమీద దేశము భారము మోపినప్పుడు, ఆ భారము రైతు మీదను, ప్రభుత్వము మీదను, భూగర్భజలము మీదను కలిసియే పడును.

ఇటీవలి అనుభవములలో మిక్కిలి బోధకమైనది సన్నవడ్ల బోనసు. 2024 ఖరీఫు నుండి తెలంగాణ ప్రభుత్వము మద్దతు ధరమీద క్వింటాలునకు 500 రూపాయలు అదనముగా నిచ్చుచున్నది. ఎకరమునకు ఇరువది క్వింటాళ్లు పండినచో బోనసే పదివేల రూపాయలగును. రైతులు దొడ్డురకములు విడిచి సన్నరకములు వేసిరి. 2025 ఉగాది వేళ చౌకదుకాణములలో సన్నబియ్యము పంపిణీ ఆరంభమయ్యెను. ఇందలి కీలకమును గమనింపవలెను: ప్రభుత్వము ధర చెప్పినది, కాంటా పెట్టి కొన్నది, కొన్నదానిని ప్రజల కంచములోనికి చేర్చినది. మూడు కడియములు కలిసిన గొలుసు గనుక అది పంటను తిప్పగలిగినది. ఈ గొలుసు వరికి సాధ్యమైనప్పుడు జొన్నకు ఏల అసాధ్యము?

అసాధ్యము కాదని ఈ నేలయే ముప్పదేండ్ల క్రిందట నిరూపించినది. 1983లో పి.వి. సతీష్ మొదలైనవారు నెలకొల్పిన దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ, జహీరాబాదు సమీపమున పస్తాపూరు కేంద్రముగా, దళిత స్త్రీల సంఘములతో పనిచేయుచు, 1990వ దశకపు నడుమ ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ యనదగిన ఏర్పాటొకటి చేసెను. పడావు పడిన చేలను తిరిగి సాగులోనికి తెచ్చుటకు పేదరైతులకు విడతలుగా అప్పు ఈయబడెను. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ దానికి చేయూత నిచ్చెను. అప్పును రొక్కముగా గాక జొన్నలుగా తీర్పవలెనని నియమము. ఆ జొన్నలు ఊరిలోనే, పేడతో అలికిన బుట్టలలో వేపాకు వేసి, సంఘము చేత నిలువ చేయబడెను. ఎవరు మిక్కిలి పేదలో కచేరి కాగితము తేల్చలేదు. ఊరివారే నేలమీద ముగ్గుతో ఊరి పటము గీసి, ఇంటింటి స్థితి ఎంచి తేల్చిరి. ఇంట గింజ అడుగంటు వానకాలపు నెలలలో, మిక్కిలి పేదవారికి ఎక్కువగా, అంగడికంటె చౌకగా ఆ జొన్నలు అమ్మబడెను. పండించుట, కొనుట, నిలువ చేయుట, తినుట నాలుగును ఒక ఊరి హద్దులోనే జరిగినవి. లారీ కిరాయి లేదు, గోదాము చెదలు లేవు, దళారి లేడు. ఝరాసంగము మండలములోని మాచనూరులో 2008 అక్టోబరు 15న ఆ స్త్రీలే నడుపు సంఘం రేడియో మ్రోగుట మొదలుపెట్టినది; ఏటేట సంక్రాంతినుండి పాతపంటల జాతర ఎడ్లబండ్లపై విత్తనములను ఊరూర ఊరేగించినది; 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమానముతో ఈ కృషిని గౌరవించినది. 2023ను ప్రపంచము చిరుధాన్య సంవత్సరముగా జరుపుకొనెను. ఆ యేటి మార్చిలోనే సతీష్ గారు కన్నుమూసిరి.

జొన్నను కొని రేషనులో ఇచ్చుటకు చెప్పు ఆక్షేపణలు తేలికైనవి కావు. జొన్న ఎక్కువకాలము నిలువ ఉండదందురు. బియ్యమునకు అలవడిన నాలుకలు రొట్టెకు మరలవందురు. చిన్న చిన్న రాసులు కొనుట ఖర్చుతో కూడినదందురు. మొదటిదానికి, దూరపు గోదాములలో ఏండ్లకేండ్లు నిలువ చేయకుండ, పండినచోటనే ఏడాదిలోపల తినిపించుట సమాధానము. రెండవదానికి పొరుగున ఉన్న కర్ణాటకము సమాధానము. అచట ఉత్తర జిల్లాలలో జొన్నను, దక్షిణమున రాగిని మద్దతు ధరకు కొని రేషనులో ఇచ్చుచున్నారు. ఒడిశా 2017 నుండి చిరుధాన్య ఉద్యమముతో రాగులను కొని బడి పిల్లలకును అంగన్‌వాడీలకును చేర్చుచున్నది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము చిరుధాన్యములను రేషనులో ఈయవచ్చునని దారి తెఱచియే యున్నది. మూడవ ఆక్షేపణ సత్యమే. అయితే వరికి ఉచిత విద్యుత్తు రూపమున, కాలువల రూపమున, గోదాముల రూపమున జరుగు వ్యయములో ఇది ఎన్నవ వంతో లెక్కించినవారు ఆ మాట అనుటకు వెనుదీయుదురు.

ఇంకొక్క సంగతి చెప్పక తప్పదు. న్యాల్కల్, ఝరాసంగము మండలములలో పదునేడు గ్రామములకు చెందిన సుమారు 12,600 ఎకరములు జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలికై నిర్ణయింపబడినవి. పరిశ్రమ వలదనుట ఈ వ్యాసపు పని కాదు. కాని చేను చేయి మారిన దినమున దానిమీది మద్దతు ధరకు అర్థముండదు. చేను గిట్టుబాటు కానిచో దానిని విడువవలెనను తలంపు రైతుకు తొందరగా కలుగును. ధర సమస్యయు భూమి సమస్యయు ఒకదానినొకటి పెనవేసికొనినవి.

ఇంతవఱకు చూచినదానినుండి తేలిన తీర్పు ఇది. ధర ప్రకటనయందు లేదు, కాంటాయందున్నది. కాంటా నిలుచుట కంచముమీద ఆధారపడి యున్నది. కావున ప్రభుత్వములు మెట్టపంటలకు మఱికొన్ని వందల రూపాయలు పెంచుటకు ముందు మూడు పనులు చేయవలెను. ఊరిలోని మహిళా సంఘముచేత, క్వింటాలుకు తక్కువైనను సరే, పండిన నెలలోనే కొనిపింపవలెను. కొన్నదానిని ఆ మండలపు చౌకదుకాణములకు, అంగన్‌వాడీలకు, వసతి గృహములకే తినిపింపవలెను. పంట నమోదులో సాగు చేయుచున్నవాని పేరు వ్రాసి, కౌలు రైతైనను సాయము వానికే అందింపవలెను. వీనికి కొత్త చట్టము అక్కఱలేదు. ఉన్న చట్టము, ఉన్న కేంద్రములు, ఉన్న సంఘములు చాలును. జహీరాబాదు సీమలో చౌకదుకాణము ముందు సంచి పట్టుకొని నిలుచున్న అక్కలు, అన్నలు, బియ్యముతోపాటు జొన్నలు కావలెనని ఒక్కమాటగా అడిగిననాడు ఈ గొలుసులోని మొదటి కడియము బిగియును. అడుగుడు, మీ చేలలో పండునదియే మీరడుగుచున్నారు.